రంగుటద్దాల్లో లేని మనుషులు

చర్చిలోని బొమ్మలను కళగా చూడాలా, మత ప్రచారంగా చూడాలా అన్న చర్చ మన విమర్శలో తరచు వస్తుంది. ఈ రెండు చూపులకూ ఒకే లోపం ఉంది. ఆ కళకు నీడనిచ్చిన కట్టడాన్ని లేపిన చేతులు రెండింటికీ కనబడవు. మెదక్ చర్చి చూశాక నాలో ఈ అభిప్రాయం మరింత గట్టిపడింది.

మా కందకుర్తి దగ్గర గోదావరిలో కలిసే మంజీర మెదక్ సీమను తాకి వచ్చే నది. బోధన్, బాన్సువాడ, ఎల్లారెడ్డి దారిన మా బడి పిల్లలను అక్కడికి తీసుకువెళ్లాను. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ పూనికతో 1914లో మొదలైన ఈ కట్టడానికి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురం ఎత్తు 175 అడుగులు. కరువులో ఆకలితో ఉన్న జనానికి పని, తిండి దొరకాలన్న ఉద్దేశం ఈ నిర్మాణం వెనుక ఉంది.

లోపల మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలున్నాయి: క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. వాటిని రూపొందించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. రాజులకూ అమెరికా అధ్యక్షులకూ చిత్తరువులు గీసిన ఇంగ్లీషు చిత్రకారుడు. బయటినుంచి ఆ గాజు నల్లగా, మొద్దుగా ఉంటుంది. లోపల నిలబడితే ఎండకు వెలుగుతుంది. పొద్దుగూకితే బొమ్మ లేదు. గాజు సీమది, ఎండ మెదక్‌ది.

అయితే ఆ ముఖాలు, ఆ దుస్తులు పూర్తిగా ఐరోపా సంప్రదాయానివి. "సార్, పసుల కొట్టంల పుట్టిండన్నరు గద, ఏసు తల్లి దొరసాని లెక్క ఉందేంది?" అని ఏడో తరగతి పిల్ల అడిగింది. ఏ కళా విమర్శకుడైనా తప్పించుకోలేని ప్రశ్న అది.

మతచిత్రం ఇలాగే ఉండాలన్న నియమమేమీ లేదు. రోములోని సంత్ అగస్తీనో చర్చిలో 17వ శతాబ్దపు తొలి ఏళ్లలో కారవాజ్జో ఒక చిత్రం గీశాడు. అందులో గడప దగ్గర నిలబడిన మరియకు ఇద్దరు పేద యాత్రికులు మోకరిల్లుతారు. వాళ్ల మట్టికాళ్లు చూసేవాళ్ల కళ్లెదుటే ఉంటాయి. ఆ కాలంలోనే దానిమీద ఆక్షేపణ వచ్చింది. అయినా ఆ కాళ్లు ఈనాటికీ ఆ గోడమీదే ఉన్నాయి. మన దగ్గర జాషువా "క్రీస్తు చరిత్ర"ను తెలుగు పద్యంలో చెప్పాడు. 1964లో దానికి సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 1939లో ప్రతిష్ఠ జరిగిన డోర్నకల్ చర్చిలో బిషప్ అజరయ్య గుడి స్తంభాన్నీ మసీదు గుమ్మటాన్నీ కలుపుకున్నాడు. మెదక్ కిటికీలకు మాత్రం మెదక్ మనిషి అందలేదు.

అంతమాత్రాన దీన్ని వలస పాలకుల కట్టడమని తోసేయటం చారిత్రక దృష్టి కాదు. గుడి మెట్టు ఎక్కనివ్వని కులాలవాళ్లు ఇక్కడ తలుపు తీసుకుని లోపలికి నడిచారు. 1941 నాటి "గబ్బిలం"లో అంటరానివాడు తన గోడును గబ్బిలంతో శివుడికి చెప్పి పంపవలసి వచ్చిందన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ తలుపు విలువ తెలుస్తుంది.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. ఈ చర్చి కథ చెప్పేవాళ్లంతా దాన్ని దయ కథగానే చెబుతారు. కరువులో పాస్నెట్ అన్నం పెట్టాడంటారు. నిజమే, అది గొప్ప పనే. కాని రాయి మోసినవాడు అన్నం తిన్నవాడు మాత్రమే కాదు, చర్చి కట్టినవాడు కూడా. కూలిని దానమని పిలిచినప్పుడు కట్టినవాడు పుచ్చుకున్నవాడైపోతాడు. ఇదే మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్‌కు ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ అని మనకు తెలుసు. మట్టి తట్ట మోసిన ఒక్క పేరు కూడా తెలియదు. ఆ నీటితోనే మన చెరుకు పండింది.

మెదక్ వెళ్లే పాఠకులు ఆ కిటికీలను తప్పక చూడాలి, మెచ్చుకోవాలి. తరువాత ఒక రాతి స్తంభం మీద చెయ్యి ఆనించి చూడాలి. కిటికీలకు చిత్రకారుడి పేరుంది. ఆ స్తంభానికి కూడా ఒక శిల్పి ఉన్నాడని ఒప్పుకున్న రోజున మన విమర్శ నిజంగా అభ్యుదయ విమర్శ అవుతుంది.