విప్పేముందు

ఇంజన్ మొరాయిస్తే గుంతకల్లులో అందరి వేలూ ముందు కార్బొరేటర్ మీదికే పోతుంది. "అన్నా, కార్బొరేటర్ విప్పి కడుగు" అంటూ బండి నెట్టుకొస్తారు. రోగమూ మందూ వాళ్లే చెప్పేస్తారు. పనితెలిసిన మెకానిక్కు వింటాడు గానీ ముందు ప్లగ్గు విప్పుతాడు. కిక్కులు కొట్టాక ప్లగ్గు తడిగా ఉందంటే పెట్రోలు లోపలికి చేరుతున్నట్టే, ఇక నిప్పురవ్వ సంగతి చూడాలి. పొడిగా ఉంటే ట్యాంకు మూత, కాక్, పైపు. కార్బొరేటర్ వంతు ఆ తర్వాతే. ఈ వరస నాకు చాలా ఇష్టం.

మా ఇంటి పవర్ స్ప్రేయర్ నేనే చూసుకుంటాను. మా సీమలో ఇలాంటి ఇంజన్లు తిరిగి అరగడం కన్నా ఊరికే ఉండి చెడడమే ఎక్కువ. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. అదీ పడకపోతే శెనక్కాయ పంటకు మందు కొట్టే పనే ఉండదు, స్ప్రేయర్ మూలకు చేరుతుంది. టూస్ట్రోక్ కాబట్టి పెట్రోల్లో ఆయిల్ కలిపి పోస్తాం. పెట్రోలు ఆవిరైపోతుంది, ఆయిలూ జిగురూ కార్బొరేటర్ గిన్నెలో మిగులుతాయి. ఇప్పుడు ఇథనాల్ 20 శాతం కలిసిన పెట్రోలు వస్తోంది, అది తేమను కూడా పీల్చుకుంటుంది.

చోక్ వేస్తే స్టార్టయి, తీయగానే ఆగిపోతే పెట్రోలు వెళ్లే జెట్టు పూడిందని అనుమానించాలి. రేజ్ చేస్తే బాగానే ఉండి ఐడ్లింగులో చచ్చిపోతే స్లో జెట్టు. గిన్నె విప్పగానే పాత పెట్రోలు పుల్లటి వాసన గుప్పుమంటుంది, అడుగున బంకలా గోధుమరంగు పొర. జెట్టు విప్పి ఎండకేసి పట్టుకుంటే, నడుమ గుండ్రటి వెలుగుచుక్క కనబడాలి. కనబడకపోతే గుండుసూది దూర్చాలని చెయ్యి లాగుతుంది. దూర్చారో, ఇత్తడి కన్నం పెద్దదై ఇంజన్ పెట్రోలు తాగడం మొదలెడుతుంది. తాజా పెట్రోల్లో నానబెట్టి, గాలి కొట్టి, అప్పటికీ రాకపోతే కరెంటు వైరులోంచి లాగిన ఒక్క రాగిపోగు చాలు. గిన్నెలో తేలే ఫ్లోటును చెవి దగ్గర ఊపి చూడండి. లోపల గలగలమంటే చిల్లి పడినట్టే, పెట్రోలు పొర్లి కారడానికి కారణం అదే.

బీఎస్-6 వచ్చిన 2020 నుంచి కొత్త టీవీఎస్ ఎక్స్‌ఎల్‌కు కార్బొరేటరే లేదు, ఇంజెక్షను. దానికి రెంచీ కన్నా స్కానరే ముందు కావాలి. స్ప్రేయర్లకు ఇంకా పాతదే. మందు కొట్టడం అయ్యాక కాక్ కట్టేసి, ఇంజన్ దానంతటదే ఆగేదాకా నడవనిస్తే గిన్నె ఖాళీ అవుతుంది. అరలీటరు పెట్రోలు ట్యాంకులో ఉంటే అదీ వంచేసి టూస్ట్రోక్ బండిలో పోసుకోవచ్చు, ఫోర్‌స్ట్రోక్‌దైతే వద్దు, ఆయిల్ కలిసింది కదా.