రామలింగం చెరువు, దాని ఉద్యానము

బరంపురము నడుమనున్న రామలింగం చెరువును మనవారు నేటికిని చెరువనియే పిలుతురు. దానిని ఆనుకొని వెలసినది రామలింగేశ్వర ఉద్యానము. ఈ రెండు పేర్లకును భేదము చిన్నది కాదు. ఉద్యానమునకు శోభయున్న చాలును. చెరువునకు మంచినీరు వచ్చి చేరవలెను, మురుగు చేరకుండవలెను.

1936 ఏప్రిల్ 1న గంజాము జిల్లాలో అధికభాగము మద్రాసు రాజధాని నుండి విడివడి ఒడిస్సాలో కలిసినది. ఇచ్ఛాపురము అవతల నిలిచినది, బరంపురము ఇవతలికి వచ్చినది. కచేరీల భాష మారినది. అయినను 'రామలింగం' అను పేరు చివరనున్న మకారము ఒడియా సోదరుల నోటను చెక్కుచెదరలేదు. మాకు అదియొక శాసనమువలె తోచును.

పునరుద్ధరణమును మేము కాదనము. దీపములను, శివుని పెద్ద విగ్రహమును చూచి పిల్లలు సంతోషింతురు; వారితోపాటు మేమును చూచితిమి. కాని ఇవి సాయంకాలపు సొగసులు. వైశాఖమాసపు ఎండలో మనుష్యుడు కోరునది నీడ. 2013 అక్టోబరు 12న గోపాలపురమువద్ద తీరము దాటిన ఫైలిన్ తుపాను ఈ ప్రాంతమున ఎన్నో మహావృక్షములను కూల్చినది. దీపస్తంభము ఒక్కపూటలో నిలుచును. రావిచెట్టు గొడుగు పట్టుటకు ఒక తరము కావలెను. గుత్తదారునకు అంత గడువు ఎవరిత్తురు?

పూడిక తీయుటకు ఎంత వ్యయమైనదో, దీపములకు ఎంతయైనదో ప్రక్కప్రక్కన వ్రాసి గట్టుపై ఒక పలక నిలిపినచో బాగుండును. ఒడియా క్రింద రెండు పంక్తుల తెలుగు కూడ ఉండినచో, మా యిండ్లలోని వృద్ధులును చదువుకొందురు.