మే నెల జూరాల

కృష్ణ మీది జూరాల డ్యాం చూడ్డానికి జనం ఆగస్టులో వస్తారు. గేట్లు ఎత్తారని తెలిస్తే చాలు, ఇటు గద్వాల నుంచీ అటు ఆత్మకూరు నుంచీ బండ్లు బారులు తీరతాయి. దూకే నీళ్లు చూసి, వేడివేడిగా చేపల ఫ్రై తిని వెళ్తారు. కానీ కరెంటు పని నేర్చుకునే పిల్లలు నన్నడిగితే మే నెలలో వెళ్లమంటాను. అప్పుడు కృష్ణలో పారకం ఉండదు. ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ నిండితే గానీ మన దాకా వరద రాదు. నీళ్లు లేని ఆ నెలల్లోనే పవర్ హౌస్‌లో యూనిట్లు విప్పుతారు.

వనపర్తి కేడీఆర్ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ డిప్లొమా చదివినప్పుడు జూరాలలో నా ట్రైనింగ్ అలాంటి ఎండాకాలంలోనే పడింది. సంస్థానాధీశుల రాజభవనంలో 1959లో నెహ్రూ ప్రారంభించిన కాలేజీ అది. ఆ ఎత్తయిన గోడల నీడలో మేం చదివిన పాఠాల్లో హైడల్ స్టేషన్ అంటే నల్లబల్ల మీద ఓ బొమ్మ. డ్యాము, పెన్‌స్టాక్, టర్బైను, జనరేటరు, బాణం గుర్తులు. ప్రియదర్శిని జూరాలలో 39 మెగావాట్ల యూనిట్లు ఆరు, మొత్తం 234 మెగావాట్లు. దిగువ జూరాలలో 40 మెగావాట్లవి మరో ఆరు. ఈ అంకెలు పరీక్షలో రాశాం, మార్కులూ వచ్చాయి.

యూనిట్ నడుస్తున్నప్పుడు ట్రైనీకి కనబడేవి ప్యానెల్ మీది మీటర్లే. గంటగంటకూ లాగ్ షీట్ నింపడం తప్ప చేతికి పని తగలదు. యూనిట్ ఆపాక సంగతి వేరు. నీళ్లు వచ్చే వైపు గేటు దించుతారు, పోయే వైపు గేటు దించుతారు, మధ్యలో మిగిలిన నీళ్లు పంపులతో తోడేస్తారు. అప్పుడు మ్యాన్‌హోల్ తెరుచుకుంటుంది. లోపల బురద వాసన, చెమ్మ, ఉక్కపోత. 24 వోల్టుల హ్యాండ్ ల్యాంప్ పట్టుకుని ఒక్కొక్కరే దిగాలి. తలెత్తితే టర్బైన్ రన్నర్ బ్లేడ్లు. అంత పెద్దవని బొమ్మలో ఎవరూ చెప్పరు.

"కండ్లతోని కాదు బిడ్డా, వేలితోని సూడు" అన్నాడు మా ఫోర్‌మన్ సారు. బ్లేడు మీద అరచెయ్యి జరిపితే కొంతదూరం నున్నగా ఉంది, అంచు దగ్గరికొచ్చేసరికి గరుకు తగిలింది. చిన్న చిన్న గుంటలు. నీటి ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయిన చోట ఆవిరి బుడగలు పుట్టి, ఒత్తిడి మళ్లీ పెరిగే చోట చిట్లుతాయి. చిట్లిన ప్రతిసారీ ఉక్కును రవ్వంత కొరుక్కుపోతాయి. దాన్నే కేవిటేషన్ అంటాం. నేను రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టిన విషయమే. నీటిలో పుట్టిన బుడగ ఉక్కును తింటుందని ఆ రోజు చేతికి తెలిసింది. ఆ గుంటలకు సున్నం ముక్కతో గీత గీసి, వెల్డింగ్‌తో పూడ్చి, గ్రైండర్‌తో మళ్లీ బ్లేడు ఒంపుకు తెచ్చేదాకా అక్కడే నిలబడి చూశాను.

ఆ తర్వాత జనరేటర్ దగ్గర ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్ పని. వైండింగ్‌కు వోల్టేజీ పెట్టి ఒక నిమిషానికి ఒక రీడింగు, పది నిమిషాలకు మరొకటి రాసుకోవాలి. రెండోది మొదటిదానికి రెట్టింపో ఆపైనో ఉంటే ఇన్సులేషన్ పొడిగా, ఆరోగ్యంగా ఉన్నట్టు. రెండూ దగ్గరదగ్గరగా ఉంటే చెమ్మ పట్టిందేమోనని అనుమానించాలి, ఆరబెట్టాలి. ఆ పది నిమిషాలూ ముల్లు మెల్లగా ఎక్కుతుంటే ఎవరూ మాట్లాడరు. ఓపిక అనేది పనిలో ఒక భాగమని నాకు ఏ లెక్చరరూ చెప్పలేదు, ఆ ముల్లు చెప్పింది.

వీటన్నిటికంటే ముందు నేర్పింది ఎల్‌సీ. లైన్ క్లియర్ కాగితం చేతిలో పడనిదే, ఎర్త్ చేయనిదే, దేన్నీ ముట్టరాదు. కుర్రతనంలో ఇది చాదస్తంగా అనిపిస్తుంది, ప్రమాదం చూస్తే గానీ అర్థం కాదు. 2020 ఆగస్టు 20 రాత్రి నాగర్‌కర్నూల్ జిల్లాలోని శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది పోయారు. వాళ్లలో చిన్న వయసు ఇంజినీర్లున్నారు. ఆ వార్త చదివిన రోజు నుంచి ఏ పిల్లలకు పని చూపించినా మొదటి గంట బయటికి పోయే దారులు చూపించడానికే ఇస్తున్నాను.

ఇక హాస్టల్. సెలవులకు అందరూ ఊళ్లకు పోతే ట్రైనింగ్ ఉన్న కొద్దిమందిమే మిగిలాం. పొద్దున్నే వనపర్తిలో ఆత్మకూరు బస్సు, అక్కడి నుంచి ఆటో. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు తిని మంచాలు డాబా మీదికి ఎక్కించేవాళ్లం. కొల్లాపూర్ నుంచి ఎవరైనా వస్తే మామిడిపండ్ల గంప వచ్చేది.

నా పక్క మంచం రాజోలి పిల్లవాడిది, చేనేత ఇల్లు. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. రెంటినీ మగ్గం మీదే కుట్టుతో కలుపుతారు, మూడు నాడెలు ఆడాలి. ఆ పనికి ఇద్దరు కూర్చోవాలి. వాడు బడికి పోయే వయసు నుంచే తండ్రి పక్కన ఆ రెండో మనిషి. మెగ్గర్ ముల్లు దగ్గర మాకెవరికీ లేని నిదానం వాడికి ఎక్కడి నుంచి వచ్చిందో నాకప్పుడు అర్థమైంది. లాగ్ షీట్‌లో వాడి అంకెల్లో ఒక్క కొట్టివేత కూడా ఉండేది కాదు. మగ్గం దగ్గర పెరిగిన పిల్లలకు తాము అప్పటికే సగం ట్రైనింగ్ పూర్తిచేశామని ఎవరైనా గట్టిగా చెప్పాలి. మనం చెప్పడం లేదు.

ఇప్పుడు వనపర్తిలో జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ కూడా ఉంది. బీటెక్ వాళ్లకు ఇంటర్న్‌షిప్ వేసవిలోనే. కానీ సంక్షేమ హాస్టళ్లు చాలావరకు పరీక్షలు కాగానే మూతపడతాయి. ఇంటర్, ఆపై చదివేవాళ్ల మెస్ ఛార్జీలను 2024లో నెలకు 1,500 నుంచి 2,100 రూపాయలకు పెంచారు, మంచి పని. అయితే తలుపు మూసి ఉన్న నెలలో ఆ డబ్బు ఎవరికీ అన్నం పెట్టదు. గది అద్దెకు తీసుకునే స్తోమత లేని పిల్లలు ఊరికి పోయి, ఎవరిచేతనో సర్టిఫికెట్ రాయించుకుని తెస్తున్నారు. అమ్మాయిలకైతే ఇంట్లోంచి అనుమతే దొరకదు. యంత్రం విప్పి ఉన్న ఆ కొద్ది వారాలు వాళ్లకు దక్కకుండా పోతున్నాయి.

ఈ చుట్టుపక్కల జిల్లాలన్నిటికీ కలిపి మే, జూన్ నెలల్లో ఒక అబ్బాయిల హాస్టల్, ఒక అమ్మాయిల హాస్టల్ తెరిచి ఉంచితే చాలు. ఎవరెవరు ఎక్కడ ట్రైనింగ్ చేస్తున్నారో కాలేజీలు ఏప్రిల్‌లోనే జాబితా ఇవ్వొచ్చు. వంటమనిషికీ వాచ్‌మన్‌కూ రెండు నెలల జీతం, ఆత్మకూరు దాకా బస్ పాస్. జూరాల వాళ్లు యూనిట్ విప్పే తేదీలు ముందే కాలేజీలకు చెబితే ఇంకా మంచిది, పిల్లలు సరిగ్గా ఆ వారానికి అక్కడుంటారు.