ముఖమా, మొగులా

ఈ వారం ఒక ఫొటో పోటీ నిబంధనల కాగితం ఈ కాలమ్ చేతికొచ్చింది. పారిశ్రామికవాడలో వీధి బతుకు అన్నది అంశం. రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా ఎక్కడైనా తీయొచ్చు. కానీ మాన్యువల్ మోడ్‌లో తీసినవే పంపాలి. ఫైల్ వివరాల్లో ‘ఎం’ అని కనపడకపోతే తీసుకోరు. ఆ నిబంధన ఇక్కడ ఎంత సంతోషం కలిగించిందో పాత పాఠకులకు చెప్పక్కర్లేదు. అపర్చర్, షట్టర్, ఐఎస్ఓ మూడూ మనిషే పెట్టుకోవాలి, మీటరు చెప్పేది వినాలి గానీ అది ఆడించినట్టల్లా ఆడకూడదు అన్నది ఈ కాలమ్ ఏళ్లుగా వదలని పట్టు.

ఆ పట్టుకు పటాన్‌చెరు కంటే మంచి రుజువు దొరకదు. మధ్యాహ్నం రెండు గంటలకు 65వ నంబరు జాతీయ రహదారి మీద ఇస్నాపూర్ చౌరస్తాలో నిలబడితే చాలు. పాశమైలారం వైపు నుంచి మొదటి షిఫ్టు దిగినవాళ్లు వస్తుంటారు, రెండో షిఫ్టువాళ్లు పోతుంటారు. కంపెనీ బస్సులు, షేర్ ఆటోలు, సైకిళ్లు. ఒడిశా, బిహార్, జార్ఖండ్‌ల నుంచి వచ్చిన కుర్రాళ్లు, చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు. నెత్తిన రుమాలు, చంకలో టిఫిన్ డబ్బా.

ఆ వేళప్పుడు మబ్బు లేకపోతే వెలుతురు పెద్దగా మారదు. ఐఎస్ఓ అంకెనే షట్టర్‌గా పెట్టి ఎఫ్/16 దగ్గర తీయమనే పాత ఎండ లెక్క అక్కడ చక్కగా పనిచేస్తుంది. ఐఎస్ఓ 200కి ఎఫ్/16, 1/250. వీధికి ఎఫ్/8 కావాలనుకుంటే 1/1000. ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 35 ఎంఎం లెన్సు పెట్టి, ఫోకస్ మూడు మీటర్ల దగ్గర ఆపేస్తే, ఎఫ్/8లో సుమారు రెండు మీటర్ల నుంచి ఏడు మీటర్ల దాకా ఉన్న మనుషులంతా స్పష్టంగా వస్తారు. ఇక కెమెరా వైపు చూడాల్సిన పనే లేదు.

అదే ఆటోలో పెట్టి చూడండి. మీటరుకు లోకమంతా మధ్యస్థమైన బూడిద రంగే. తెల్ల బస్సు ఫ్రేములోకి వస్తే వెలుతురు ఎక్కువైందనుకుని అంతా చీకటి చేస్తుంది, దాంతో బస్సు ముందు నడిచే మనిషి ముఖం మసిబారుతుంది. వెనకాల నల్ల టార్పాలిన్ కప్పిన లారీ వస్తే అంతా వెలిగించేస్తుంది, ఆయన తెల్ల చొక్కా మడతల్లేకుండా కాలిపోతుంది. అదే ఎండ, అదే మనిషి, రెండు ముఖాలు. ‘తెల్ల చొక్కా లెక్క’ అని ఈ కాలమ్ చెబుతూ వచ్చింది దీని గురించే.

రోడ్డు పక్కన టీ హోటల్ రేకుల కిందికి పోతే వెలుతురు నాలుగు స్టాపులు పడిపోతుంది, అంటే పదహారో వంతు. అక్కడ ఐఎస్ఓ 800, ఎఫ్/5.6, 1/500. ఎండకొక లెక్క, నీడకొక లెక్క. ఎండలోంచి నీడలోకి అడుగు పెట్టే మనిషిని రెండు చోట్లా సరిగ్గా పట్టే అంకె లేదు. కాబట్టి ఎటువైపు పట్టుకోవాలో ఆ మనిషి రాకముందే తేల్చుకుని, అక్కడే నిలబడాలి. మాన్యువల్‌లో అంకెల కంటే ఈ నిలబడటమే అసలు పని.

ఇంతవరకూ నిబంధన గట్టిదే. సాయంత్రమయ్యేసరికి నిలవదు. మన దగ్గర పొద్దు దాదాపు నిటారుగా కుంగుతుంది. సూర్యుడు దిగాక వీధిలో పనికొచ్చే వెలుతురు నిలిచేది ఇరవై మూడు నిమిషాలు అటూ ఇటూ. లండన్‌లో జూన్ నెలలో ముప్పావు గంట ఉంటుంది. ఆ ఇరవై మూడు నిమిషాల్లో ప్రతి మూడు నాలుగు నిమిషాలకూ వెలుతురు సగమైపోతుంది. జనరల్ షిఫ్టు జనం మధ్య నిలబడి నిమిషానికోసారి డయల్ తిప్పుకుంటూ ఉంటే ముఖాలు దాటిపోతాయి. అపర్చర్, షట్టర్ మనం పట్టుకుని ఐఎస్ఓను ఆటోకు వదిలేయడమే అప్పుడు తెలివైన పని. గమనించాల్సిందేమిటంటే, ఎం మోడ్‌లో ఉంచి ఐఎస్ఓ ఆటో పెట్టినా ఫైల్ వివరాల్లో పడేది ‘ఎం’ అనే. ఎక్స్‌పోజర్ తేల్చింది మాత్రం మీటరే. ఆ అక్షరం చూసి ఎవరు ఆలోచించి తీశారో, ఎవరు తీయలేదో పోటీవాళ్లు ఎలా పోల్చుకుంటారు?

రాత్రి పది గంటల షిఫ్టుకు మళ్లీ చేతి లెక్కే దిక్కు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చోక్ ట్యూబులైటు, నాసిరకం ఎల్ఈడీ సెకనుకు వందసార్లు మినుకుతాయి. 1/500 పెడితే ఒక ఫొటో వెలుగుతో, ఇంకోటి చీకటితో వస్తుంది. ఎలక్ట్రానిక్ షట్టరైతే అడ్డచారలు పడతాయి. 1/100 గానీ 1/50 గానీ పెట్టి కదలకుండా ఉండాల్సిందే. ఈ సంగతి ఎక్కువ భాగం కెమెరాలు తమంతట తాము పట్టించుకోవు.

కానీ అంకెలు అంకెలే. ఆ అంకె ఎవరి కోసం అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రశ్న ఈ కాలమ్‌కు అంటించింది రీళ్ల కాలంలో సంగారెడ్డిలో ఒక చిన్న స్టూడియో నడిపిన పెద్దాయన. ఆయన దగ్గర యాషికా మ్యాట్ ఉండేది, 120 రీలు, పన్నెండు ఫొటోలు. బయటి పనులకు పోతే మీటరు వాడేవాడు కాదు. ముందు నేల మీద నీడ చూసేవాడు. అంచు కత్తిరించినట్టుంటే ఒక లెక్క, చెదిరినట్టుంటే ఒక స్టాప్ ఎక్కువ, నీడే లేకపోతే ఇంకా ఎక్కువ. ఫిల్ము డబ్బాలోని కాగితం మీద సూర్యుడు, మబ్బు బొమ్మలతో ఉండే పట్టికా అదే చెప్పేది. కానీ ఆయన పట్టికతో ఆగేవాడు కాదు. నేల లెక్క చూసుకున్నాక మనిషి ముఖం చూసేవాడు. “రుమాలు కింద ముఖం జూడు బిడ్డా. నేల మీద ఎండున్నది, ముఖం మీద లేదు. ఇంకొంచెం ఇయ్యి. ముఖం కనవడాలె, మొగులు పోతే పోనియ్” అనేవాడు.

ఆయన ‘ఇంకొంచెం’ వెనక ఈ నేల భూగోళమే ఉంది. హైదరాబాద్, దాని చుట్టుపక్కల ఊళ్లు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్నాయి. ఏటా మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఒకసారి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిటారు కర్రకు నీడ ఉండదు. ఆ రోజుల్లో ఎండ నెత్తి మీదా భుజాల మీదా పడుతుంది, కళ్లగుంటల్లో చీకటి ఉంటుంది. హెల్మెట్టు అంచు కింది ముఖానికీ చొక్కాకూ రెండు మూడు స్టాపుల తేడా వస్తుంది. చల్లటి దేశాల్లో, సూర్యుడు పక్కవాటుగా ఉండే చోట పుట్టిన ఎండ లెక్కను ఇక్కడ ఉన్నదున్నట్టు వాడితే రోడ్డు అందంగా వస్తుంది, మనిషి రాడు.

చామనఛాయ ముఖాలకు ఈ అన్యాయం కొత్తది కాదు. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ (1844–1905) కాలపు మామూలు గాజు పలకలు నీలి కాంతికే ఎక్కువగా స్పందించేవి, ఎరుపును దాదాపు చూసేవే కావు. అందుకే ఆకాశం తెల్లకాగితంలా, ఎండకు కమిలిన ఒళ్లు ఉన్నదానికంటే నల్లగా పడేవి. సికింద్రాబాద్ స్టూడియోలో నవాబులకు వెలుతురు అమర్చొచ్చు, కిటికీ తెరలు జరపొచ్చు. ఆరుబయట ఆ వీలు లేదు. రంగుల రీళ్ల కాలం వచ్చాక కూడా కొడాక్ ల్యాబులకు పంపిన నమూనా కార్డుల మీద చాలాకాలం ఉన్నది తెల్ల యువతి ముఖమే. ప్రింటు రంగులు ఆ ముఖానికి సరిపోతే సరి. తెలంగాణ పల్లెలనూ బతుకమ్మనూ ఏళ్ల తరబడి తీసి 2022లో కన్నుమూసిన వరంగల్ ఫొటోగ్రాఫర్ భరత్ భూషణ్ బొమ్మలు ఇక్కడ గుర్తుకొస్తాయి. ఆడవాళ్ల ముఖాల నలుపులో ఎన్ని ఛాయలుంటాయో అవి చూపించాయి. అలాంటి ముఖాలను బూడిద రంగుకు లాగకుండా, చీకట్లోకి తోయకుండా పట్టుకోవడానికి మాన్యువల్ కావాలన్నదే ఈ కాలమ్ వాదనకు గుండెకాయ.

అయితే పెద్దాయన మాటలో రెండో సగం, మొగులు పోతే పోనియ్ అన్నది, పటాన్‌చెరులో ఇప్పుడు చెల్లుతుందా?

ఆయన డార్క్‌రూమ్‌ను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ మాట వేరేగా వినపడుతుంది. నెగెటివ్ ఫిల్ము రెండు మూడు స్టాపుల ఎక్కువ వెలుతురును ఓర్చుకుంటుంది. రీలు కడిగాక ఆకాశం నెగెటివ్‌లో దట్టంగా నల్లబడి ఉంటుంది, అంతే, అక్కడినుంచి పోదు. ఎన్‌లార్జర్ కింద ముఖానికి చెయ్యి అడ్డం పెట్టి, ఆకాశానికి ఇంకొన్ని క్షణాలు వెలుతురు ఇచ్చి ఆయన దాన్ని ప్రింటులోకి తెచ్చేవాడు. మొగులు పోనిచ్చింది కెమెరాలోనే, కాగితం మీద కాదు. డిజిటల్ సెన్సర్‌కు ఆ ఓర్పు లేదు. పట్టే గిన్నె నిండాక పోసినదంతా నేలపాలే. అక్కడ తెల్లబడిన ఆకాశం నుంచి ఏ సాఫ్ట్‌వేరూ ఏమీ తీయలేదు. ఫిల్ముకు నీడను కాపాడాలి, సెన్సర్‌కు వెలుగును కాపాడాలి. ఒకదాని సూత్రం ఇంకోదానికి తలకిందులు.

మిగతా ఊళ్లలో ఆకాశం పోతే నష్టం అందానికే. ఈ పట్టీలో కాదు. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని పారిశ్రామికవాడలకు కాలుష్య సూచీ వేసినప్పుడు పటాన్‌చెరు–బొల్లారం 70 దాటి, అతి తీవ్ర కాలుష్య ప్రాంతాల జాబితాలో చేరింది. ఇక్కడి కంపెనీల వ్యర్థాల మీద 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లిన కేసు 2017లో జాతీయ హరిత ట్రిబ్యునల్ తీర్పు దాకా నడిచింది. నక్కవాగు వెంట పొలాలు పోగొట్టుకున్న రైతులు ఉన్నారు. షిఫ్టు దిగి వచ్చే మనిషి ముఖాన్ని ఎంతో శ్రద్ధగా వెలిగించి, ఆయన తల మీది గొట్టాన్నీ అందులోంచి వచ్చే పొగనూ తెల్లకాగితం చేస్తే, ఆ ఫొటో ఆయన్ను ఎక్కడైనా తిరిగే మనిషిగా మార్చేస్తుంది. పొగ ఉండాలి. ఆయన గురించి చెప్పాల్సిన దాంట్లో అదీ భాగమే.

కాబట్టి ఇస్నాపూర్‌లో ముఖానికి అంకె పెట్టు అన్న మాటను ఈ కాలమ్ సగానికి సవరిస్తోంది. పొగ గొట్టం ఫ్రేములో ఉంటే అంకె ఆకాశానికి పెట్టండి. ఐఎస్ఓ 200, ఎఫ్/8 దగ్గర 1/1000 బదులు 1/2000, రా ఫైల్‌లో. ముఖం ముందు చీకటిగానే కనపడుతుంది. ఇప్పటి సెన్సర్లు నీడలోంచి రెండు స్టాపులు పైకి తేవడాన్ని బాగానే తట్టుకుంటాయి. కాస్త గరుకు వచ్చినా ముఖం ముఖంగానే ఉంటుంది. డార్క్‌రూమ్‌లో పెద్దాయన చెయ్యి చేసిన పని ఇప్పుడు కంప్యూటర్ ముందు, వ్యతిరేక దిశలో, ముఖం మీద జరుగుతుంది. ఆ పని చేయడానికి ఓపిక లేకపోతే వీధికి రాకపోవడమే మంచిది. ముఖాన్ని చీకట్లోనే వదిలేసి నల్ల బొమ్మగా అచ్చువేసి, అదే కళ అనుకోవడం ఈ ప్రాంతానికి సరిపడదు. అలాంటివి ఇప్పటికే చాలా ఉన్నాయి.

ఇంకో దారి అడుగులు మార్చుకోవడం. డిసెంబరులో మధ్యాహ్నపు సూర్యుడు 50 డిగ్రీల ఎత్తుకు అటూ ఇటుగానే ఆగిపోతాడు, రెండింటి షిఫ్టు వేళకు ఇంకా కిందికి దిగి ఉంటాడు. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకుని నిలబడితే ఎదురొచ్చేవాళ్ల ముఖాల మీద సూటిగా ఎండ పడుతుంది, ఎదుటి ఆకాశం నీలంగా ముదురుతుంది, రెంటి మధ్య తేడా ఒక స్టాపుకు అటూ ఇటుగా తగ్గుతుంది. అప్పుడు 1/1000 రెండింటికీ సరిపోతుంది. రోడ్డుకు ఏ వైపు నిలబడితే ఏ గొట్టం ఫ్రేములో పడుతుందో వేసవిలోనే చూసి పెట్టుకోవచ్చు. రుద్రారం వైపు వెళ్లే బస్సులు ఆగే చోటు, ముత్తంగి దగ్గరి సర్వీసు రోడ్డు ముందు చూడదగ్గవి.