ఊరూ పేరూ ఉన్న నకలు

పాత నగను చూసి చేసిన కొత్త నగ నకిలీ అవుతుందా? పందొమ్మిదో శతాబ్దంలో రోములోని కాస్తెల్లాని కుటుంబం చేసిన బంగారు కంకణాలను చూస్తే కాదనే చెప్పాలి. ఫోర్చునాటో పియో కాస్తెల్లాని అక్కడ 1814లో దుకాణం తెరిచాడు. 1836లో రోముకు దగ్గర్లోని చెర్వెతెరిలో రెగొలీని-గలాస్సి సమాధి బయటపడింది. ప్రాచీన ఇటలీలో రోమన్ల కన్నా ముందు వెలిగిన ఎట్రుస్కన్ల నగలు, క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దపువి, అందులో దొరికాయి. వెడల్పాటి కంకణాల జత వాటిలో ఒకటి. రేకు మీద ఉబ్బెత్తుగా తీర్చిన స్త్రీల బొమ్మలు, వాటి గీతల వెంట ఇసుక రేణువుల్లాంటి బంగారు పూసలు. ఆ పనితనం చూశాక తండ్రీ, కొడుకులు అలెస్సాండ్రో, అగస్టోలూ ఆ పాత విద్యను తిరిగి సాధించే పనిలో పడ్డారు.

చిక్కంతా ఆ పూసల దగ్గరే వచ్చింది. మామూలుగా టంకం పెడితే అది కరిగి పూసల సందుల్లోకి పారుతుంది. గుండ్రదనం పోయి అంతా ముద్దవుతుంది. కాస్తెల్లానీలు మార్కే ప్రాంతపు సాంత్ ఆంజెలో ఇన్ వాదో నుంచి పనివాళ్లను రప్పించారు. టంకాన్ని పొడి చేశారు, వెలిగారానికి బదులు వేరే లవణాలు వాడి చూశారు. అయినా అతి సన్నని పూసల పనిలో ప్రాచీనులను అందుకోలేకపోయామని అలెస్సాండ్రో పండితుల ముందే ఒప్పుకున్నాడు. ఆ గుట్టు 1933లో ఇంగ్లండులో లోహపు పనివాడు లిటిల్‌డేల్ విప్పాడు. రాగి లవణం కలిపిన జిగురుతో పూసలు అంటించి వేడిచేస్తే జిగురు బొగ్గవుతుంది. ఆ బొగ్గు రాగిని విడదీస్తుంది. దాదాపు 890 డిగ్రీల దగ్గర ఆ రాగి బంగారంతో కలిసి పూసను రేకుకు పట్టిస్తుంది. అంటే కాస్తెల్లాని కంకణం తన కాలానికి ఏం తెలుసో, ఏం తెలియదో రెండూ చూపిస్తుంది. ఉత్త నకలుకు ఆ విలువ ఉండదు.

ఇదే కుటుంబం రోములో కంపానా అనే ఆయన పోగుచేసిన సేకరణలోని పాత నగలకు మరమ్మతులు చేసి, పాతవాటికి కొత్త ముక్కలు అతికించలేదా అని అడగవచ్చు. నిజమే. 1861లో ఆ సేకరణ ఫ్రాన్సుకు వెళ్లింది. ఏది పాతదో ఏది కొత్తదో తేల్చడం పండితులకు తలనొప్పిగా మారింది. కానీ ఈ అభ్యంతరం నా వాదనకే బలమిస్తుంది. ఆ అతుకుల మీద ఎవరి పేరూ లేదు. సొంత కంకణాల మీదైతే వాళ్లు రెండు సి అక్షరాలు పెనవేసిన ముద్ర వేసుకున్నారు. చేసినవాడి పేరు దాస్తే ఏమవుతుందో మరో ఉదాహరణ చెబుతుంది: 1896లో లూవ్ర్ మ్యూజియం ప్రాచీనమని కొన్న సైతఫెర్నెస్ కిరీటం ఒడెస్సా కంసాలి రుఖొమోవ్‌స్కీ పని అని 1903లో తేలింది. పనితనంలో లోటు లేదు; అమ్మినవాళ్లు చెప్పిన కథలోనే మోసం ఉంది.

మన దుకాణాల్లో ‘యాంటిక్’ పేరుతో అమ్మే నక్షీ నగలనూ ఇలాగే చూడాలి. పాత రూపంలో కొత్త నగ చేయించుకోవడంలో తప్పేమీ లేదు. కొనేవాళ్లు అడగాల్సింది ఎప్పుడు చేశారు, ఎవరు చేశారు అన్నదే. ఆ రెండింటికీ సూటిగా జవాబు చెప్పలేని నగకు పాతదన్న పేరు మీద ఒక్క రూపాయి కూడా ఎక్కువ ఇవ్వనక్కర్లేదు.