విడాకులు, విచ్ఛేదము, భగ్నత: ఒక పరిభాషావిచారము

వివాహచట్టములను దెనిఁగించువారు మూలమునందలి పదమునకొక సంస్కృతపదమును జేర్చినఁ జాలునని తలఁతురు. ఈ తలంపువలన, వివాహము ముగియుటను దెలుపు మాటలలో నెట్టి చిక్కు గలిగినదో పండితులయెదుట నుంచుచున్నాఁడను.

మొదట మన మాటను జూతము. 'విడాకులు' అను పదమున విడుధాతువును నాకుశబ్దమును స్పష్టముగఁ గానవచ్చుచున్నవి. ఒకరిత్తురు, ఒకరు పుచ్చుకొందురు. ఇచ్చువారును బుచ్చుకొనువారును లేక యీ మాట వాక్యమున నిలువదు. ఇది చట్టముకంటెఁ బూర్వపుది. చెన్నరాజధానియందు హిందువుల విడాకుల చట్టము 1949లో వచ్చెను. హిందూవివాహచట్టము 1955లో వచ్చెను. ఈ రెండవది తన 29వ సెక్షనున నాచారసిద్ధములైన విడాకులను గాపాడినది.

పూర్వగ్రంథములలో మాటలు వేఱు. మనువు తొమ్మిదవ యధ్యాయమున భార్యను విడిచివేయుటను విసర్గమనెను. (నేఁటి బడిపిల్లవానికి విసర్గమనఁగా రెండు సున్నలే.) అమ్మినను విడిచినను భార్య భర్తనుండి విముక్త గాదని యాతని మతము. కౌటిల్యుఁ డిట్టి విడుదలను మోక్షమనెను. 1909లో శామశాస్త్రిగారు మైసూరునఁ బ్రకటించిన యర్థశాస్త్రమును జూడుఁడు. ద్వేషమొక్కరిదే యై రెండవవా రొల్లనిచో మోక్షము లేదు. ద్వేష మిరువురిదైనఁ గలదు. ధర్మవివాహములకు మాత్ర మదియు లేదు. ఆ మాటలోని సొగసును గమనింపవలయును. ఎవరు దోషులను ప్రశ్న దానియందు లేదు. కట్టు వీడినది, అంతియే. 1976లో 13-బి సెక్షనుగాఁ జేరిన పరస్పరాంగీకారవిధి కిది పోలిక గలదియే కాని, యట ద్వేషము, ఇట సమ్మతి.

'పరిత్యాగము' మఱియొక చిక్కు. చట్టమును దెనిఁగించువారికిది విడాకులకుఁ గారణము: భార్యాభర్తలలో నొకరు రెండేండ్లకుఁ దక్కువగాక రెండవవారిని విడిచియుండుట. తెలుఁగు బైబిలునందలి పరిత్యాగపత్రికయో, విడాకుల పత్రమే. ఒకచోఁ గారణము, ఒకచోఁ గార్యము.

అసలు వివాదము వేఱొక పదముమీఁద. ఇంగ్లండున 1969 నాఁటి చట్టము, వివాహము మరల నతుకరానంతగాఁ జెడుటయే విడాకులకు నేకైకకారణమని చెప్పెను. మనదేశమున న్యాయసంఘము 1978లో 71వ నివేదికయందును, 2009లో 217వ నివేదికయందును నీ కారణమును జేర్పుఁడని కోరెను. 2010లోఁ బ్రవేశపెట్టిన బిల్లును రాజ్యసభ 2013లో నామోదించినను నది చట్టము గాలేదు. 2023 మే 1వ తేదీన సుప్రీముకోర్టు రాజ్యాంగధర్మాసనము, 142వ యధికరణముచేఁ దాను మాత్ర మీ కారణమునఁ దీర్పీయవచ్చునని నిర్ణయించెను. కుటుంబన్యాయస్థానముల కా యధికారము లేదు. కోరువారికది హక్కును గాదు.

ఈ కారణమునకు మనవారు వ్రాయునది 'వివాహవిచ్ఛేదము'. న్యాయాధిపతి యిచ్చు తీర్పునకును నదియే పేరు! అప్పుడు వాక్యము 'విచ్ఛేదము కారణముగా విచ్ఛేదము' అని తేలును. తెలుఁగున తెంచుట వేఱు, తెగుట వేఱు. విఱుచుట వేఱు, విఱుగుట వేఱు. మొదటివి సకర్మకములు, రెండవవి యకర్మకములు. న్యాయాధిపతి తెంచును, వివాహ మంతకుమున్నే తెగియుండును. ఈ భేదము బడిలోని వ్యాకరణపాఠము మాత్రమే గాదు. తీర్పును జదువు స్త్రీ మొట్టమొదట నడుగునది 'తెంచినది యెవరు?' అని. క్రౌర్యము, వ్యభిచారము, పరిత్యాగము అను కారణముల కొక దోషి కావలయును, దీనికి నక్కఱలేదు. సకర్మకపదమును వాడినఁ జట్టము మోపని నింద ననువాదకుఁడు మోపినవాఁడగును.

పత్రికలవారి 'కోలుకోలేని వివాహము' కొంత మేలు, అది యకర్మకమే. అయినఁ గోలుకొనుట రోగికిఁ జెల్లును. రోగి కోలుకొనునని యింటివారు కడపటివఱకు నాసపడుదురు; ఇచట నాస యుడిగినదని తేలినఁగాని తీర్పు రాదు.

కావున 'అతుకరాని వివాహభగ్నత' యని వాడవచ్చునని నా యభిప్రాయము. 'భగ్న' శబ్దము జరిగిపోయిన స్థితిని జెప్పును, కర్తను వెదకదు. 'అతుకరాని' యనునది ప్రత్యేకవిశేషణము గనుక వైరిసమాసదోషము లేదు. 'వివాహభంగము' సులభము గాదా యని కొంద ఱడుగవచ్చును. మానభంగము, వ్రతభంగము అనుచోట్ల భంగపఱచినవాఁడు వెంటనే మనసునఁ దోఁచును. అందుచే దానిని విడిచితిని.