రోజుకు 1.2 సెకన్లు ఎక్కడ పోయాయి?

బోర్డులో టైమ్ రోజుకు 1.2 సెకన్లు వెనకబడుతోందని చెబితే, టైమింగ్ తప్పులు పట్టే విద్య తెలిసినవాడు కోడ్ ముట్టుకోడు. ప్రాసెసర్ ఎన్ని మెగాహెర్ట్జ్ మీద నడుస్తోందని అడుగుతాడు. 72 అంటే, మిల్లీసెకను కోసం టైమర్ రిజిస్టర్‌లో 71,999 ఉందో 72,000 ఉందో చూడమంటాడు. ఏఆర్‌ఎం కార్టెక్స్-ఎం చిప్పుల్లో ఉండే సిస్‌టిక్ అనే టైమర్ వేసిన అంకె నుంచి కిందికి లెక్కపెడుతూ వస్తుంది. సున్నా కూడా ఒక లెక్కే కాబట్టి, కావలసిన దానికంటే ఒకటి తక్కువ వేయాలి. అది మరిచిపోతే ప్రతి మిల్లీసెకనూ 72,000లో ఒక వంతు సాగుతుంది. రోజుకున్న 86,400 సెకన్లను 72,000తో భాగించి చూడండి. సరిగ్గా 1.2.

ఈ విద్య గొప్పతనమంతా ఇక్కడే ఉందని నా నమ్మకం. టైమింగ్ తప్పు ఎంత జరుగుతోందో, ఎంతసేపట్లో జరుగుతోందో కొలిస్తే, దోషి ఉన్న వీధి దాకా ఆ అంకే తీసుకెళ్తుంది.

తెలియనివారికి రెండు మాటలు. కరెంటు మీటరు నుంచి రాకెట్ దాకా చిన్న కంప్యూటర్లలో కెర్నెల్ అనే మూల ప్రోగ్రాం ఉంటుంది. అందులోని షెడ్యూలర్ ఏ పనికి ఎప్పుడు వంతు ఇవ్వాలో తేలుస్తుంది. సాధారణంగా మిల్లీసెకనుకోసారి వచ్చే టిక్ అనే ఇంటరప్టే, అంటే ప్రాసెసర్ చేస్తున్న పనిని ఆపించే పిలుపే, దానికి ఆధారం. ఇలాంటి కెర్నెళ్లలో వీఎక్స్‌వర్క్స్, జపానువారి ఐట్రాన్ ఎనభైల నాటివి. రిచర్డ్ బ్యారీ 2003లో ఫ్రీఆర్‌టీఓఎస్ రాశాడు, 2017లో అది అమెజాన్ చేతికి వెళ్లింది. చరిత్ర ఇంత చాలు. పనితనం దగ్గరికి వద్దాం.

రోజుకు పది నిమిషాలు పోతున్నాయా? అయితే టిక్ 32,768 హెర్ట్జ్ వాచ్ క్రిస్టల్ నుంచి వస్తోందేమో చూడాలి. దాన్ని వెయ్యితో భాగిస్తే 32.768 వస్తుంది. టైమర్‌కు దశాంశాలు తెలియవు, 33 వేస్తారు. అక్కడ నూటికి 0.7 తేడా, రోజుకు పది నిమిషాల పైమాటే. తెలిసినవాళ్లు టిక్‌ను 1,024కు మారుస్తారు, భాగహారం 32తో శేషం లేకుండా తెగుతుంది. ఒక్క అంకె మార్పుతో రోగం పోతుంది. ఇలాంటి చోట లేచి దండం పెట్టాలనిపిస్తుంది నాకు.

వెనకబాటు పని ఒత్తిడితో పాటు పెరుగుతోందంటే టిక్కులు మింగబడుతున్నాయన్నమాట. ‘టిక్ వచ్చింది’ అని గుర్తుంచుకోవడానికి ప్రాసెసర్‌లో ఉన్నది ఒకే ఒక్క బిట్. ఇంటరప్టులు ఆపి ఎవరైనా మూడు మిల్లీసెకన్లు కూర్చుంటే, మూడు టిక్కులు వచ్చినా లెక్కలోకి ఎక్కేది ఒకటే. డేటా సేవ్ చేసినప్పుడల్లా ఇరవై నుంచి నలభై మిల్లీసెకన్లు మాయమవుతుంటే అది ఫ్లాష్ మెమరీ పని. ఎస్‌టీఎం32ఎఫ్1 చిప్పుల్లో ఒక పేజీ చెరపడానికి అంత సమయం పడుతుంది. అదే ఫ్లాష్ నుంచి నడుస్తున్న ప్రోగ్రాం అంతసేపూ ఊపిరి బిగబట్టుకుని ఉంటుంది.

ఇందులో ఒక తమాషా ఉంది. వాచ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర నిక్కచ్చిగా ఉంటుంది. దానికి దూరం జరిగేకొద్దీ ఆ దూరపు వర్గం చొప్పున నెమ్మదిస్తుంది. మే నెలలో రామగుండంలోలా 45 డిగ్రీలైతే పది లక్షలకు దాదాపు 14 పాళ్లు, అంటే రోజుకు మళ్లీ ఇంచుమించు 1.2 సెకన్లే! టిక్ ఏ క్రిస్టల్ నుంచి వస్తోందో తెలియనప్పుడు ఇద్దరు దొంగలకూ ఒకే పాదముద్ర. తేల్చేదెలా? బోర్డును ఏసీ గదిలోకి తెచ్చి మళ్లీ కొలవాలి. ఎండ దోషమైతే తగ్గుతుంది, రిజిస్టర్ దోషమైతే చలించదు.

కొలిచే పద్ధతి విషయంలో నేను పక్షపాతిని, దాచుకోను. పిన్నూ, ఆసిలోస్కోపూ, అంతే. టిక్ ఇంటరప్ట్‌లోకి వెళ్లగానే ఒక పిన్ను పైకి లేపి, బయటికొచ్చేముందు దించాలి. స్కోపు తెరను పర్సిస్టెన్స్‌లో ఉంచితే, వేల టిక్కులు ఒకదానిపై ఒకటి పడి, ఎక్కడ వణుకుతోందో కళ్లకు కడుతుంది. పిన్ను లేపడానికి పట్టేది కొన్ని సైకిళ్లే. ప్రింట్ వేసి చూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. సీరియల్ తీగ మీద 115,200 బాడ్ వేగంలో ఒక్క అక్షరం పోవడానికి 87 మైక్రోసెకన్లు పడుతుంది, పన్నెండు అక్షరాలకు ఒక టిక్ మొత్తం ఖర్చయిపోతుంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిపోవడమంటే ఇదే. డీబగ్గర్‌తో మధ్యలో ఆపినా అంతే. కోర్ ఆగుతుంది, సిస్‌టిక్ ఆగుతుంది, పక్కనున్న టైమర్లు మాత్రం ఆపమని చెప్పకపోతే పరుగెడుతూనే ఉంటాయి.

ఇక మహానుభావులు. నాసా ఇంజినీరు జాక్ గార్మన్ పేరు ముందు చెప్పాలి. 1969లో అపోలో 11 దిగుతుండగా 1202 అలారం మోగింది. రాడార్ ఇంటర్‌ఫేస్ కంప్యూటర్ సైకిళ్లను దొంగిలించడంతో షెడ్యూలర్‌కు పని మించిపోయిన సందర్భమది. ముందుగానే అలారాల జాబితా చేత్తో రాసి పెట్టుకున్న ఈ ఇరవై నాలుగేళ్ల కుర్రాడు, పరవాలేదు దిగవచ్చని భరోసా ఇచ్చాడు. 1981 ఏప్రిల్ 10న మొదటి స్పేస్ షటిల్ ప్రయోగం ఆగిపోయినప్పుడు ఆ కథ రాసిందీ ఆయనే. నాలుగు ప్రధాన కంప్యూటర్లతో బ్యాకప్ కంప్యూటర్‌కు కాలం కలవలేదు. మొదటి కంప్యూటర్ ఆన్ చేసే క్షణాన్ని బట్టి 67లో ఒక్కసారి మాత్రమే కనిపించే తప్పు అది! ఏప్రిల్ 12న షటిల్ ఎగిరింది.

1997లో మార్స్ పాత్‌ఫైండర్ అంగారకుడి మీద పదేపదే రీసెట్ అయింది. సెకనులో ఎనిమిదో వంతు చక్రంలో ముగియాల్సిన పని ముగియడం లేదు. వాతావరణం కొలిచే చిన్న టాస్క్ పట్టుకున్న తాళం కోసం పెద్ద టాస్క్ ఆగింది, మధ్యవి దూరి ఆ చిన్నదాన్ని కదలనివ్వలేదు. గ్లెన్ రీవ్స్ బృందం భూమ్మీది జంట యంత్రంలో అదే తప్పును మళ్లీ రప్పించి, ట్రేస్‌లో పట్టుకుని, తాళం పట్టుకున్న చిన్నదానికి తాత్కాలికంగా పెద్దదాని హోదా ఇచ్చే ప్రయారిటీ ఇన్‌హెరిటెన్స్ ఆన్ చేసే మార్పును అంగారకుడికి పంపింది. ఆ ట్రేస్ సదుపాయాన్ని ప్రయోగానికి ముందు తీసేయకుండా ఉంచారు చూడండి, దానికి ఎన్ని సన్మానాలు చేసినా తక్కువే.

లినక్స్ వాళ్ల తెలివీ చెప్పాలి. అక్కడ టిక్కుల లెక్క సున్నా నుంచి మొదలవదు. 32 బిట్ల కౌంటరు నిండి తిరగబడే అంచుకు ఐదు నిమిషాల ముందు నుంచి మొదలవుతుంది. అలా తిరగబడటాన్ని తట్టుకోలేని డ్రైవర్ ఉంటే ఆన్ చేసిన ఐదు నిమిషాలకే బయటపడాలని. మిల్లీసెకన్లతో అదే కౌంటరు సున్నా నుంచి నిండాలంటే 49.7 రోజులు కావాలి. విండోస్ 95 ఆగిపోయింది అన్నాళ్లకే. బోయింగ్ 787 జనరేటర్ కంట్రోల్ యూనిట్లు 248 రోజులు ఆపకుండా నడిస్తే కరెంటంతా పోవచ్చని 2015లో అమెరికా విమానయాన సంస్థ హెచ్చరించింది. సెకనులో వందో వంతులను లెక్కించే 31 బిట్లు నిండేదీ అన్ని రోజులకే.

మరి ఇప్పుడు? మిల్లీసెకను తేడా వస్తే డిలే పెంచి చేతులు దులుపుకుంటున్నారు. పది మిల్లీసెకన్లకోసారి జరగాల్సిన పనికి ‘డిలే అంటిల్’ వాడకుండా ఉత్త ‘డిలే’ రాస్తున్నారు. పనికి పట్టిన సమయం ప్రతి చుట్టులోనూ పేరుకుపోతుంది. హ్యాంగ్ అయితే కాపలా టైమర్ అయిన వాచ్‌డాగ్ రీసెట్ చేస్తుందిలే అని ధీమా. ఇక నేర్చుకునేవాళ్లు కొనే చవక బ్లూ పిల్ బోర్డుల మీద ఎస్‌టీఎం32 పేరు చెక్కి అమ్ముతున్న నకిలీ చిప్పుల సంగతి! డేటాషీట్ ఒకటి, లోపలున్న సిలికాన్ మరొకటి. వాటి మీద నేర్చుకున్న పిల్లవాడు తన లెక్క తప్పో, చిప్పు తప్పో తెలియక లెక్క మీదే నమ్మకం పోగొట్టుకుంటాడు. ఇది విద్యాద్రోహం కాక ఏమిటి?

అరకొర మరమ్మతు ఎంత ప్రమాదమో 1991 ఫిబ్రవరి 25న సౌదీ అరేబియాలోని దహ్రాన్‌లో తేలింది. పేట్రియట్ క్షిపణి వ్యవస్థ సెకనులో పదో వంతులను లెక్కపెట్టి, 0.1ని 24 బిట్లకు కత్తిరించి గుణించేది. వంద గంటలకు 0.34 సెకన్ల తేడా వచ్చింది. మరింత నికరమైన గుణకాన్ని కొన్నిచోట్ల పెట్టి కొన్నిచోట్ల వదిలేయడంతో రెండు తప్పులు ఒకదాన్నొకటి రద్దు చేసుకోలేకపోయాయి. పేట్రియట్ అడ్డుకోలేకపోయిన స్కడ్ క్షిపణి దూసుకొచ్చింది, 28 మంది అమెరికా సైనికులు చనిపోయారు. సరిచేసిన సాఫ్ట్‌వేర్ మర్నాడు చేరింది.

అమీర్‌పేటలో ఎంబెడెడ్ కోర్సులు చెప్పే గురువులకు, ఇంజినీరింగ్ కాలేజీల ల్యాబ్ బాధ్యులకు ఒక మనవి. అద్దాల బీరువాలో తాళం వేసిన ఆసిలోస్కోపులు బయటికి తీయండి. మొదటి వారమే పిల్లలతో ఒక టిక్ పిన్ను కొలిపించండి. తేడా ఎంతో, అది ఎక్కడినుంచి వచ్చిందో కాగితం మీద చూపించాకే కీబోర్డు ఇవ్వండి.